రెండూ ఎడమ చేతులే

ఇదంతా ఒక శుక్రవారం ఉదయం తొమ్మిదింపావుకు మొదలైంది. ఆ రోజుల్లో నరసరావుపేటలో బడిలో బెత్తం పట్టినా మాస్టారే, హోటల్లో టీ ఎత్తి పోసినా మాస్టారే, పెళ్లి బ్యాండు ముందు నడిచినా మాస్టారే. నేను పనిచేసే దర్జీ కొట్లో మాత్రం ఆ పేరు కత్తెర పట్టినవాడిది. కుట్టేవాళ్లను ఉత్త పేర్లతోనే పిలిచేవారు. పద్దెనిమిదేళ్ల నాకు కుట్టే పని కూడా లేదు, హుక్కులూ కాజాలూ వేసేదాన్ని. (ఆ కాజాలను ఇప్పటికీ ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు.)

ఆ పూట మాస్టారు దాచేపల్లిలో చుట్టాలింటికి వెళ్లాడు. బల్ల తుడుస్తూ టేపు ఎక్కడ పెట్టాలో తోచక మెడలో వేసుకున్నాను. అప్పుడే శావల్యాపురం నుంచి ఒకావిడ, పెళ్లికూతురైన తన కూతురితో వచ్చి, టేపు చూసి పట్టుగుడ్డ నా చేతిలో పెట్టింది.

“మాస్టరమ్మా, ఆదివారం ముహూర్తం. రేపు మాపటికి జాకెట్టు కావాల. కొలత జాకెట్టు ఇదిగో.”

“మాస్టారు రానీండి” అనవలసిన నోరు, ఆ పిలుపు వినగానే “అట్లాగే పిన్నీ” అంది. వాళ్లు గాజులు కొనడానికి వెళ్లారు. నేను కత్తెర తీశాను. జరీగుడ్డకు మంచి వైపు, తిరగ వైపు ఉంటాయి కనుక జాకెట్టు చేతులు రెండూ ఎదురెదురుగా పెట్టి కత్తిరించాలి. నేను రెండింటినీ ఒకే వైపు తిప్పి పెట్టాను.

మధ్యాహ్నం మాస్టారు వచ్చి ముక్కలు చూసి కూలబడ్డాడు. “ఏమే, ఈ పెళ్లికూతురికి రెండూ ఎడమ చేతులేనా?”

గాజులతో తిరిగొచ్చిన తల్లి గుమ్మంలోనే విన్నది. “మా పిల్లకి కుడిచెయ్యి కూడా ఉందయ్యా. ఇంకో గుడ్డ యాడ తెచ్చేది?”

నాకు తెచ్చుకున్న అన్నం గిన్నె మూత తీసే ధైర్యం లేదు. మాస్టారు నెమ్మదిగా, “చీర లోపలి కొసలో మూరెడు తీస్తే సరిపోద్దమ్మా. దోపుకునే చోటు, కనపడదు” అన్నాడు.

“పెళ్లి చీరకి కత్తెర పెడతారా ఎవరన్నా?”

పెళ్లికూతురు, “జాకెట్టు ముక్క ఆ చీరలోంచి కోసిందేగా అమ్మా. ఎటూ నాకు చానా పొడుగది” అంది. తల్లి సంచిలోంచి చీర తీసి బల్ల మీద పెట్టింది, మొహం పక్కకు తిప్పుకుని.

చెప్పినట్టే శనివారం మాపటికి జాకెట్టు ఇచ్చేశాం. ఆదివారం పెళ్లికి నన్నూ పిలిచారు. పిల్ల తలంబ్రాలు పోయడానికి చేతులెత్తినప్పుడు ఊపిరి బిగబట్టాను. చంకలో ఎక్కడా పట్టలేదు. అక్కడే కూర్చుని పప్పన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

తర్వాత ఎన్నో పెళ్లి జాకెట్లు నేనే కత్తిరించాను. ఇప్పటికీ గుడ్డ పరిచాక, ఎవరూ చూడకుండా నా రెండు చేతులూ ముందుకు చాచి, ఏది ఎటో ఒకసారి సరిచూసుకుంటాను.

మొత్తం మీద పోయింది మూరెడు పట్టు, ఒక పూట భోజనం.