జపాను ఫిరంగి బండి, మా నిమ్మకాయలు

మేం చదువుకునే కాలంలో తార్నాక రోడ్డు మీద సాయంత్రంపూట సైకిలు హ్యాండిల్ వదిలేసి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని పాట పాడుకుంటూ పోవచ్చు. ఎదురొచ్చేవాడు కూడా అదే పని చేస్తుంటే తప్ప ప్రమాదం లేదు. అరవైల చివరి మాట ఇది. యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతూ, ఈ దేశానికి నా అవసరం చాలా ఉందని గట్టిగా నమ్ముతున్న రోజులు. (దేశం ఆ సంగతి ఎన్నడూ కాదనలేదు. అవుననీ అనలేదు.) మెట్టుగూడ రైల్వే క్వార్టర్సులో ఉండే మా బాపు మాత్రం నా అవసరం రైల్వేకే ఉందని నమ్మేవాడు. ఆదివారం ఇంటికి వెళితే అన్నం పెట్టకముందే ఉద్యోగ ప్రకటన కత్తిరించి చేతిలో పెట్టేవాడు. నేను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, క్యాంపస్‌కు తిరిగొచ్చి, దానిమీద గేరు బొమ్మలు గీసుకునేవాణ్ణి.

మాకు కంపనాల శాస్త్రం చెప్పే మాస్టారిని స్ప్రింగ్ సారు అనేవాళ్ళం. ఆయనకు ఉత్సాహం వస్తే మునివేళ్ళ మీద లేచి, కిందికి దిగి, మళ్ళీ లేచేవారు. అచ్చ హైదరాబాదు మనిషి. పాఠం మాత్రం లోకంలో ఎవరూ చెప్పని పద్ధతిలో చెప్పేవారు. పనిచేసిన యంత్రాల గురించి పుస్తకంలో చదువుకోమని వదిలేసి, పనిచేయని వాటి గురించి క్లాసులో చెప్పేవారు. "గెలిచిన మిషన్ గురించి దాన్ని చేసిన కంపెనీవోడే చెప్పుకుంటడు. ఓడిపోయినదాని గురించి చెప్పెటోడు ఎవడున్నడు? మనమే చెప్పాలె" అనేవారు. అందువల్ల మా బ్యాచి పిల్లలకు కూలిన వంతెనలూ, పేలిన బాయిలర్లూ బాగా తెలుసు. ఒక యంత్రం ఎట్లా పనిచేస్తుందో చెప్పమంటే మాత్రం కాస్త తడబడేవాళ్ళం.

ఆ ఏడు ఆయన కంటపడింది జపాను బండి. లైబ్రరీలో ఏదో విదేశీ పత్రికలో ఒక మసక ఫొటో, దాని కింద నాలుగు ముక్కలు. యుద్ధంలో ఓడాక జపానువాళ్ళకు కొన్నేళ్ళు ఆయుధాలు చేసే పనే లేకుండా పోయింది. తరవాత మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, తమ కాళ్ళ మీద తాము నిలబడాలని, తనంతట తాను నడిచే ఫిరంగి ఒకటి తయారుచేయబోయారు. సైనికులను మోసుకుపోవడానికి అప్పుడే తామే తయారుచేస్తున్న, ట్యాంకులాగా గొలుసు పట్టాల మీద నడిచే బండి భాగాలు తీసుకుని, మీద కప్పు లేకుండా వదిలేసి, అందులో నూట అయిదు మిల్లీమీటర్ల ఫిరంగి బిగించారు. ప్రయోగం కోసం ఒకటో రెండో చేశారు, నడిపారు, కాల్చి చూశారు. ఆఖరికి పక్కన పెట్టేశారు. సైన్యంలోకి అది పోనే లేదు. పత్రికలో కారణం రాయలేదు. స్ప్రింగ్ సారు మాత్రం ఆ ఫొటో చూసీ చూడగానే, అంత చిన్న బండి మీద అంత ఫిరంగి పెడితే పేలినప్పుడల్లా ఉయ్యాల లాగా ఊగి ఉంటుందని తేల్చేశారు. క్లాసులో బల్ల మీదికెక్కి ఆ ఊగడం చేసి చూపించారు కూడా.

ఆ బండి మీద ఆయనకు అంత ప్రేమ ఎందుకంటే, ఆయన ఎన్నేళ్ళుగానో అడుగుతున్న ఒక టెస్ట్ బెంచి ఉంది. ఫిరంగి పేలినప్పుడు దాన్ని మోసే బండి ఎంత ఊగుతుందో, ఎంతసేపు ఊగుతుందో కొలిచే పరికరం. అట్లాంటిది మా డిపార్టుమెంటులో పెడితే దేశానికి కావలసిన బండ్లను ఇక్కడే పరీక్షించవచ్చని ఆయన ఆశ. రిటైరయ్యేలోపు దాన్ని చూడాలని ఆయన కోరిక. ఆ బెంచి వస్తే దానిమీద పనిచేయడానికి నన్నూ, నా రూమ్మేటునీ తీసుకుంటానని మాటిచ్చారు. రూమ్మేటు గుంటూరు వైపువాడు. వాళ్ళ నాన్న క్రైస్తవ మిషనరీ బళ్ళో టీచరు, చర్చిలో పెద్ద. అందుకని వీణ్ణి పాస్టరు అనేవాళ్ళం. వీడు నోరు తెరిస్తే బూతులే వచ్చేవి, అది వేరే సంగతి. ఆ ఏడాది కాలేజీ ఎగ్జిబిషనుకు రక్షణ శాఖ నుంచి ఒక పెద్ద ఆఫీసరు వస్తాడని తెలిసింది. బెంచి మంజూరు చేయించగల మనిషి అన్నారు. సారు మమ్మల్నిద్దర్నీ పిలిచి, జపాను బండి నమూనా ఒకటి కట్టి, ఆయన ముందు కాల్చి చూపించాలన్నారు. నేను ఆ క్షణం నుంచే నన్ను శాస్త్రవేత్త అని పిలుచుకోవడం మొదలుపెట్టాను. లోలోపలే అనుకోండి.

పాత సామాన్ల దుకాణాల్లో తిరిగి బేరింగులు ఏరుకొచ్చి చక్రాలు చేశాం. పట్టాలకు సైకిలు చెయిన్లు. ఒంటికి డాల్డా డబ్బాల రేకు (లోపలివైపు చెట్టు బొమ్మ చివరిదాకా అలాగే ఉండిపోయింది). గొట్టంలో బలమైన స్ప్రింగు పెట్టి, మీట లాగితే ఇనుప గుండు దూసుకుపోయేలా అమర్చాం. వెనక పార ఆకారంలో ఒక రేకు. కాల్చేముందు దాన్ని దించితే కింద చెక్కలో కోసిన గాడిలో దిగి, బండిని వెనక్కి తన్నుకుపోకుండా ఆపుతుంది. జపానువాళ్ళ బండికి అట్లాంటిది ఉందో లేదో ఫొటోలో కనబడలేదు గానీ, ఉండి తీరాలన్నారు సారు. వర్క్‌షాపు వెనక ఎన్నిసార్లు కాల్చి చూశామో లెక్కలేదు. ప్రతిసారీ గుండు ఎదురుగా ఇసుక సంచిలో దిగబడింది. బండి కొద్దిగా ఊగి నిలబడింది. మాణికేశ్వర్ నగర్ నుంచి అడ్డదారిన పోయేవాళ్ళు ఆగి, పెద్ద మగపిల్లలు బొమ్మలాట ఆడుకుంటున్నారని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. వాళ్ళకేం తెలుసు, దేశం గురించి.

ఎగ్జిబిషను రోజు పొద్దున, బండిని గాడి చెక్కతో సహా హాల్లో బల్ల మీదికి ఎక్కించాక, వర్క్‌షాపు మేస్త్రి కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, పూలదండ పట్టుకుని వచ్చాడు. మా పనికి మొదట్నుంచీ సాయపడిన మనిషి. కొత్త యంత్రం ఏది వచ్చినా పూజ చేయకుండా మీట ముట్టనిచ్చేవాడు కాదు. లేతు మిషన్లన్నిటికీ ఆయన పెట్టిన బొట్లుండేవి. సారుకు ఇవన్నీ పట్టవు గానీ, ఆ రోజు మాత్రం ఆయనే వంగి కొబ్బరికాయ కొట్టారు. పాస్టరు దండ వేశాడు. (వాళ్ళ నాన్నకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.) మేస్త్రి ఆఖరున నాలుగు నిమ్మకాయలు తీసి, రెండు పట్టాల కిందా ముందొకటి వెనకొకటి ఒత్తి పెట్టాడు. చిన్నవి, గట్టివి. బండి కదిలినప్పుడు అవి చితకాలి, అప్పుడే దిష్టి పోతుంది.

మేమందరం అదే పద్ధతిలో పెరిగినవాళ్ళం. కొత్త లారీ కింద, కొత్త బస్సు కింద నిమ్మకాయలు చూసినవాళ్ళం. కాబట్టి ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. కానీ లారీ అయితే ముందుకు నడుస్తుంది, చితక్కొడుతుంది. మా కార్యక్రమంలో నడపడం తరవాత, కాల్చడం ముందు. ఆఫీసరు చూడవలసింది కాల్చడమే కదా అని సారే ఆ వరస పెట్టారు. మా బండేమో డాల్డా డబ్బా రేకు. నిమ్మకాయను చితక్కొట్టేంత బరువు దానికి లేదు. హాయిగా వాటిమీద ఎక్కి కూచుంది. ఆఫీసరు, ఆయన వెనక కాలేజీ పెద్దలు వచ్చి నిలబడ్డాక, నేను వెనక రేకు దించాను. అది గాడిదాకా అందలేదు. నిమ్మకాయ ఎత్తు మేర గాల్లో వేలాడుతోంది.

నేను మేస్త్రి వైపు చూసి, నిమ్మకాయల వైపు కళ్ళతో చూపించాను. ఆయన దగ్గరికొచ్చి చెవిలో మెల్లగా అన్నాడు. "పూజల పెట్టినయి చేతితోని తియ్యొద్దు బిడ్డా. బండి నడిస్తేనే చితకాలె."

ఈలోపు సారు మునివేళ్ళ మీద లేచి సైగ చేశారు. పాస్టరు మీట లాగాడు. గుండు వెళ్ళి సరిగ్గా ఇసుక సంచి నడిమధ్య దిగబడింది. మేం చేసినవాటిలో అంత మంచి గురి అదివరకు ఎన్నడూ కుదరలేదు. దాన్ని ఎవరూ చూడలేదు. ఎందుకంటే అదే క్షణంలో బండి నిమ్మకాయల మీద జర్రున వెనక్కి దొర్లి, బల్ల అంచు దాటి, పూలదండతో సహా కిందపడింది. ఒక నిమ్మకాయ నిదానంగా దొర్లుకుంటూ పోయి ఆఫీసరు బూటు దగ్గర ఆగింది. హాలంతా నవ్వు. ప్రిన్సిపాలు గారు కూడా రుమాలు అడ్డుపెట్టుకుని నవ్వారు.

నవ్వనిది సారొక్కరే. ఆయన కంగారుపడలేదు, మమ్మల్ని కసరలేదు. ఆఫీసరు వైపు తిరిగి, ముఖం వెలిగిపోతుండగా చెప్పారు. "ఇదే సార్ ప్రాబ్లం. జపాన్ బండిది గూడ ఇదే అయ్యుంటది. తేలిక బండి, పెద్ద తుపాకి. ఎంత ఎనుకకు పోతదో కొలిస్తేనే గద తెలిసేది. అందుకే బెంచి గావాలంటున్న."

నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. కిందపడ్డ బండిని అంతకంటే గొప్పగా వాడుకోవడం ఎవరికీ చేతకాదు. ఒక్క క్షణం బెంచి వచ్చేసిందనే అనుకున్నాను. ఆఫీసరు మంచివాడే. వంగి నిమ్మకాయ తీసి బల్ల మీద పెట్టి, సారు భుజం మీద చెయ్యివేసి, నెమ్మదిగా తన మాట తను చెప్పాడు. అట్లాంటి పరికరం మొత్తం విదేశాల నుంచి తెప్పించాలని ఎప్పుడో నిర్ణయమైపోయిందట. అది రక్షణ శాఖ దగ్గరే పెడతారట. తను ఈ రోజు బహుమతులివ్వడానికి మాత్రమే వచ్చాడట. మీ పిల్లలు హుషారైనవాళ్ళని కూడా అన్నాడు. సారు ఇంకా మునివేళ్ళ మీదే ఉన్నారు. కాసేపటికి మడమలు మెల్లగా నేలకు ఆనాయి. ఆ తరవాత క్లాసులో ఆయన అట్లా లేవడం నేను చూడలేదు.

హాస్టల్లో మాత్రం కథ వేరేగా పాకింది. నిమ్మకాయల వల్ల లక్షల ప్రాజెక్టు పోయిందని చెప్పుకున్నారు. నన్ను చాలాకాలం నిమ్మకాయ అనే పిలిచారు. మేస్త్రి పాపం మొహం చాటేశాడు. సారు ఆయన్ను పిలిపించి, ఆఫీసరు చెప్పిన మాట చెప్పి, తప్పు నిమ్మకాయలది కాదన్నారట. మాకు కూడా చెప్పారు, జపాను బండిని పక్కన పెట్టింది ఊగిందని కాకపోవచ్చునని. అమెరికావాళ్ళ బండ్లు తయారుగా దొరుకుతుంటే ఇంట్లో చేసుకునేదాని మీద ఎవరికి ఓపిక ఉంటుంది అన్నారు. నేను ఈ సంగతి హాస్టల్లో చెప్పి చూశాను. ఎవరూ వినలేదు. నిమ్మకాయల కథే బాగుందన్నారు. నిజానికి నాకూ అదే బాగుండేది. నిమ్మకాయ వల్ల ఓడిపోతే మరోసారి నిమ్మకాయ లేకుండా ప్రయత్నించవచ్చు.

ఆ తరవాత ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం రోజులొచ్చి చదువులు కొన్నాళ్ళు ఆగిపోయాయి. పరీక్షలు ఎప్పుడో జరిగాయి. పాస్టరు విశాఖపట్నం వైపు ఏదో కర్మాగారానికి వెళ్ళిపోయాడు. నేను బాపు కత్తిరించిన ప్రకటనలన్నీ వదిలేసి, ఆయన కత్తిరించని ఒక ఇన్సూరెన్సు కంపెనీలో చేరాను. ప్రమాదంలో పాడైన బండ్లను చూసి, ఎంత పాడయ్యాయో చెప్పే ఉద్యోగం. ఒక విధంగా సారు నేర్పిన చదువే అనుకుని సరిపెట్టుకున్నాను.

కొన్నేళ్ళ తరవాత ఒక పత్రికలో ఒక చిన్న వార్త కనబడింది. జపానువాళ్ళు తామే తయారుచేసిన, తనంతట తాను నడిచే ఫిరంగి వాళ్ళ సైన్యంలో చేరిందని. ఆఫీసులో సగం పూట సెలవు పెట్టి బస్సెక్కి తార్నాక వెళ్ళాను. సారు రిటైరై, ఇంటి ముందు వరండాలో వాలుకుర్చీలో కూర్చుని ఉన్నారు. చెప్పాను. ఆయన మోకాలు చరుచుకుని, లోపలున్న అమ్మగారిని కేకేసి మరీ చెప్పారు. జపానోళ్ళు మల్ల చేసిండ్రంట, ఈసారి అయ్యిందంట అని. ఫొటో ఉందా, ఎంత బరువుందట, వెనక రేకు ఉందా అని అన్నీ అడిగారు. వార్త రెండు వాక్యాలే సార్ అన్నాను.

ఆ సంతోషంలోనే నా వైపు తిరిగి అడిగారు. "మరి నువ్వేం చేస్తున్నవ్రా ఇప్పుడు?"

"ఇన్సూరెన్స్‌ల ఉన్న సార్."

ఆయన తల ఊపారు. మంచిదే, పర్మనెంటేనా అన్నారు. పర్మనెంటే అన్నాను. చాయ్ తాగిపో అన్నారు. తాగాను. ఆ తరవాత ఇద్దరం వానలు ఆలస్యమవుతున్న సంగతి మాట్లాడుకున్నాం.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరో జపానువాళ్ళు గెలిచిన వార్తను సొంత ప్రమోషను లాగా జేబులో పెట్టుకుని ఆ వరండా మెట్లెక్కిన నన్ను ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ ప్రశ్న వస్తుందని తెలియదు పాపం వాడికి. వాళ్ళు మళ్ళీ చేశారు సార్ అని చెప్పడానికి అంతదూరం పరిగెత్తాడు గానీ, మేము మళ్ళీ చేయలేదు సార్ అని కూడా అదే నోటితో చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు.