సోమలింగం చూసిన మాటలు

సాంచాల మధ్య పెరిగినవాడికి రెండు విద్యలు అడక్కుండానే అబ్బుతాయి. ఒకటి, తెగిన పోగును చూడకుండానే ముడివేయడం. రెండోది, మనిషి నోట్లోంచి శబ్దం రాకపోయినా మాట ఏమిటో తెలుసుకోవడం. పరాయి రాష్ట్రంలోని లింబాయత్‌కు వలస వచ్చిన మనవాళ్ళు మరమగ్గాన్ని సాంచా అంటారు. ఒకే రేకుల కప్పు కింద సాంచాలన్నీ ఆడుతున్నప్పుడు పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందుకని అక్కడ ఎవరూ గొంతును శ్రమపెట్టరు. పెదవులు పెద్దగా విప్పి, మాటను ఆకారం చేసి చూపిస్తారు. అవతలివాడు దాన్ని కళ్ళతో అందుకుంటాడు.

సోమలింగం ఈ విద్యలో ఆరితేరినవాడు. తండ్రి సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మీసాలు రాకముందే కొడుకును కార్ఖానాలో నిలబెట్టాడు. రోడ్డుకు అవతల చాయ్ దుకాణం దగ్గర ఇద్దరు సేఠ్‌లు ఏం గుసగుసలాడుకుంటున్నారో ఇవతల నుంచే చెప్పి తోటివాళ్ళను నవ్వించేవాడు. అయితే సాంచా ఏదీ ఊరికే ఇవ్వదు. జుట్టు నెరవకముందే అతని చెవులు మందగించాయి. ఎవరైనా కేక వేస్తే వినపడేది. మామూలు మాట వినపడేది కాదు. పెదవులు కనపడుతుంటే చెవులతో పనేముందిలే అని సరిపెట్టుకున్నాడు.

ఈ సంగతి తెలిసింది భార్య నీరజకే. పెళ్ళయిన కొత్తలో సన్నగా మాట్లాడిన ఆ పిల్ల, కాపురం పాతబడేకొద్దీ కేకలు వేయడం నేర్చుకుంది. వాడలో వాళ్ళు ఆమెను గయ్యాళి అనుకున్నారు. ఆమెకూ ఒక ఫిర్యాదు ఉండేది. మొగుడు ఇంట్లో కూడా పెదవులే ఆడించేవాడు. "ఇది కార్ఖానా గాదయ్యా, జర గొంతు ఇప్పు" అని పోరేది. అతను నవ్వేసేవాడు, ఆ నవ్వు కూడా చప్పుడు లేకుండానే.

చాలా ఏళ్ళు ఎదురుచూశాక వాళ్ళకు పుట్టిన బిడ్డ హిమశ్రీ. నడక వచ్చిన కొత్తలో, ఆ మార్చి నెలలో, పిల్లకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు. గుమ్మానికి కట్టిన వేపాకు ఇంకా వాడిపోనేలేదు, సిరిసిల్లలో నీరజ తండ్రి పోయాడని కబురొచ్చింది. అమ్మవారు పోసిన బిడ్డను గడప దాటించకూడదు. చావింటికి అసలే తీసుకుపోకూడదు. పిల్లకు అప్పటికే పాలు మాన్పించి ఉండటం ఒక్కటే నయం. నీరజ ఏడుస్తూనే రైలెక్కింది. "దినాలు కాంగనే వస్త. బిడ్డ పైలం" అంది.

దినాలు కాకముందే దేశమంతా తలుపులు మూసుకుంది. రైళ్ళు ఆగాయి. సాంచాలు ఆగాయి. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి లింబాయత్‌లో పిచ్చుకలు వినపడుతున్నాయని జనం వింతగా చెప్పుకున్నారు. సోమలింగానికి ఆ వింత కూడా దక్కలేదు. కాళ్ళ కింద నేల అదరడం మానేసిందని మాత్రమే అతనికి తెలిసింది.

అంతకన్నా పెద్ద దెబ్బ మాస్కులు. మూతులన్నీ గుడ్డల వెనక్కి పోయేసరికి అతనికి లోకమంతా ఒక్కసారే మూగబోయింది. బియ్యం పంచేవాళ్ళు ఏదో అడుగుతారు, ఏమిటో తెలియదు. పోలీసు చెయ్యి ఊపుతాడు, రమ్మనో పొమ్మనో తెలియదు. తెలియనివాడు తెలిసినట్టు తలూపితే ఏమవుతుందో లాఠీ ఒకసారి చెప్పింది. ఆ తర్వాత అతను అవసరం ఉంటే తప్ప గుమ్మం దిగలేదు. ఎండలు ముదిరాక ఊళ్ళకు రైళ్ళు వేశారు. వాడ సగం ఖాళీ అయింది. పొక్కుల మచ్చలింకా మానని బిడ్డను ఎత్తుకుని ఆ గుంపులో నిలబడటానికి అతనికి ధైర్యం చాలలేదు. వరసగా ఉన్న గదుల్లో మిగిలింది అతనూ, పక్క గదిలో బాలవ్వా. ఆ ముసలమ్మకు ఏ ఊళ్ళోనూ ఎవరూ లేరు.

గుడ్డ అడ్డం లేని నోరు ఇక లోకం మొత్తంలో అతనికి ఒక్కటే కనిపించింది. అది హిమశ్రీది. పొద్దున లేచింది మొదలు సోమలింగం ఆ నోటినే చూస్తూ కూర్చునేవాడు. దానికి ఎదురుగా బాసిపట్లు వేసుకుని, పెదవులు పెద్దగా విప్పి, "బువ్వ" అని చూపించేవాడు. ఒకరోజు పప్పన్నం గిన్నె చూసి పిల్ల పెదవులు రెండూ కలిపి విడదీసి, మళ్ళీ కలిపింది. బువ్వ. అనుమానమే లేదు. సోమలింగం గిన్నె పక్కన పెట్టి దాన్ని ఎత్తుకుని గదంతా తిరిగాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట చెప్పుకుందామంటే ఎదురుగా మనిషి లేడు.

తర్వాత మాటలు వరసకట్టాయి. బాపు అంది. అవ్వ అంది. నీరజ బజారులో కొన్న బొమ్మల పుస్తకం ఒకటుంది. అట్ట చిరిగింది గానీ లోపల పెద్ద అక్షరాలు, వాటి కింద బొమ్మలు బాగానే ఉన్నాయి. అతను వేలు పెట్టిన చోటల్లా పిల్ల పెదవులు కదిపేది. ఆవు. ఇల్లు. కొన్నాళ్ళకు బొమ్మను అరచేత్తో మూసి అక్షరం ఒక్కటే చూపించినా చెప్పేసింది. ఇంత చిన్నది చదువుతోందని అతనికి నిలువెల్లా పొంగు. కాకి పిల్ల కాకికి ముద్దంటారు గానీ, నిజంగానే చురుకైన పిల్ల.

ఇంట్లో ఉన్నది మీటలు నొక్కే పాత ఫోను. స్పీకరు పెట్టి చెవికి ఆనించుకుంటే నీరజ అటునుంచి కేకలు వేసేది. ఈ సంబరమంతా చెప్పగానే "బిడ్డతోని జర అమ్మా అనిపియ్యి" అంది. అతను ఫోను పిల్ల నోటి దగ్గర పెట్టి, పెదవులు కలిపి చూపించాడు. పిల్ల చక్కగా అంది. అమ్మ.

"ఇన్నవా?"

"ఏదీ, అనలే గదా."

"అన్నది నీరజా. నేను చూసిన."

ఫోను పాతది, సిగ్నలు సరిగ్గా ఉండదు అనుకున్నారు ఇద్దరూ. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఎప్పుడు చేసినా అటు ఆమె ఊపిరి బిగబట్టి వినేది, ఇటు పిల్ల అనేది, ఆమె చెవిన మాత్రం ఏదీ పడేది కాదు. చివరికి ఒకరోజు నీరజ విసిగిపోయింది. "నా పానం కుదురువెట్టనీకె అబద్ధాలు చెప్తున్నవా? బిడ్డకు మాట రాకపోతే రాలేదని చెప్పరాదు?" అని ఫోను పెట్టేసింది. తర్వాత అతను చేస్తే ఎత్తలేదు. చేయని తప్పుకు తిట్టించుకున్నట్టయింది సోమలింగానికి. అతనికి వినపడేంత పెద్ద గొంతు మిగిలింది అదొక్కటే. ఇప్పుడు అదీ లేదు.

బాలవ్వ జొన్న రొట్టె తెచ్చి దూరంగా గడప మీద పెట్టిపోయేది. ఆ సాయంత్రం అతను ఆమెను ఆపి, తన మాట నిజమని ఒక్క మనిషైనా ఒప్పుకోవాలని, పుస్తకం తెరిచి పిల్లకు ఆవు చూపించాడు. పిల్ల పెదవులు కదిపింది.

"ఎంత ముద్దుగ అన్నదో ఇన్నవా అవ్వా?"

బాలవ్వ అతని వంక చూసింది. పిల్ల వంక చూసింది. మళ్ళీ అనిపించమని చేత్తో సైగ చేసింది. అన్నాక, మూతికి చుట్టుకున్న కొంగు కిందికి లాగి, అతనికి కనపడేలా మెల్లగా చెప్పింది.

"బిడ్డ గొంతుల సప్పుడు లేదు కొడుకా."

"గదేంది? ఏడుస్తది, నవ్వుతది, మూగదెట్లయితది?"

"మూగదని ఎవలన్నరు? రాత్రిపూట అది ఏడిస్తే నీకెట్ల ఎరుక?"

"ఎద మీద చెయ్యేసి పండుకుంట. అదురుతది."

"గా చెయ్యే గొంతు మీద పెట్టి చూడు."

పెట్టాడు. పిల్లకు చక్కిలిగింతయి కిలకిల నవ్వింది. వేళ్ళ కింద సన్నగా అదిరింది. "ఆవు" అని చూపించాడు. పిల్ల పెదవులు అందంగా గుండ్రమై ముడుచుకున్నాయి. వేళ్ళ కింద ఏమీ లేదు. బువ్వ అంది. ఏమీ లేదు. అమ్మ అంది. ఏమీ లేదు.

"నువ్వెట్ల మాట్లాడితే అదీ గట్లనే నేర్చింది" అంది బాలవ్వ. తిట్టినట్టు కాదు, మామూలుగానే.

సోమలింగం పుస్తకం మూసేశాడు. నీరజ వెళ్ళిన నాటినుంచీ ఫోనులో తప్ప ఆ గదిలో తన గొంతు విప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. వినేవాళ్ళు లేరు కదా, ఎందుకు విప్పుతాడు? వినేది ఒకటి ఎదురుగానే కూర్చుని ఉందని తట్టలేదు. బిడ్డకు లోకంలోని మాటలన్నీ నేర్పుతున్నానని మురిశాడు గానీ, నేర్పిందంతా కార్ఖానా మాటే. సిగ్గుతో, దిగులుతో ఆ పూట రొట్టె ముట్టలేదు.

మర్నాడు పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని అరచెయ్యి తన గొంతుకు ఆనించి, "బువ్వ" అన్నాడు. పోట్లాటకు దిగినంత గట్టిగా వచ్చిందేమో, పిల్ల బెదిరి ఏడ్చింది. తన గొంతు ఎంతుందో అతనికే తెలియదు. బాలవ్వ తన గుమ్మంలో కూర్చుని అరచెయ్యి కిందికి దించేది, అంటే తగ్గించమని. పైకెత్తితే చాలలేదని. అలా గొంతును సరిచేసుకుంటూ, పొద్దస్తమానం అవే నాలుగు మాటలు అంటూ కూర్చున్నాడు. పిల్ల ఆ అదురుడును ఆటనుకుంది. తన చెయ్యి తన గొంతు మీద కూడా పెట్టుకుని చూసుకునేది. మాటలు మాత్రం చప్పుడు లేకుండానే అనేది. వానలు మొదలయ్యాయి. పక్క సందులో ఒకటో రెండో కార్ఖానాలు తెరిచారు. నేల మళ్ళీ కొద్దికొద్దిగా అదరసాగింది.

ఒకరోజు నీరజే ఫోను చేసింది. బస్సులు ఎప్పుడు వేస్తారో తెలియడం లేదని కేక వేసింది. బిడ్డ సంగతి ఎత్తలేదు. సోమలింగం ఫోను నేల మీద పెట్టి, హిమశ్రీ చెయ్యి తన గొంతు మీద, తన వేళ్ళు దాని గొంతు మీద ఉంచి, "అమ్మ" అన్నాడు. పిల్ల ఫోను వంక చూసింది. పెదవులు కలిశాయి, విడిపోయాయి.

వేళ్ళ కింద అదిరింది.

ఫోను చెవికి పెట్టుకుని "ఇన్నవా?" అని అడిగాడు. అటునుంచి ఏమీ రాలేదు. నీరజ కేకలు వేయడం మరిచిపోయినట్టుంది. ఏం తోచక గుమ్మం వైపు చూశాడు. అక్కడికి వచ్చి నిలబడిన బాలవ్వ చెయ్యి చాచి ఫోను తీసుకుని కాసేపు విన్నది. కొంగు కిందికి లాగింది.

"ఏడుస్తున్నది. ఇన్నదట. మల్లొక్కసారి అనిపియ్యమంటున్నది."

"అవ్వా, గొంతెట్లున్నది?"

బాలవ్వ కొంచెం ఆలోచించింది. "నీరజదే. సన్నగ, అచ్చం తల్లి గొంతే."

సోమలింగం నీరజ గొంతు గుర్తుచేసుకోబోయాడు. కేకలు గుర్తొచ్చాయి. పెళ్ళినాటి సన్నని గొంతు ఎంత వెతికినా దొరకలేదు. ఫోను మళ్ళీ పిల్ల దగ్గరికి జరిపి, వేళ్ళు దాని గొంతుకు ఆనించి, "ఇంకొక్కసారి అను బిడ్డా" అన్నాడు.