గిరిలో వెయ్యని కుర్చీ

“మీ బావ పోయాడండీ” అని జగ్గయ్యపేట బస్సు దిగినాయన చెప్పాడు. ఏడుపుకంటే ముందు, ఇక ఆయన ఎదుట పడక్కర్లేదన్న తేలిక కలిగింది నాకు. అదెందుకో చెప్పాలి.

బావంటే మా అక్క భర్త. బర్మా యుద్ధంలో కుడికాలు మోకాలిదాకా పోగొట్టుకొచ్చాడు. ఎవరైనా అయ్యో అంటే, సగం ధరకే చెప్పులు కుట్టించుకుంటున్నానని నవ్వేవాడు. పూనా ఆసుపత్రిలో పక్కమంచం మీదుండిన తెల్లసిపాయి ఒకడు ఇంగ్లండు నుంచి ఉత్తరాలు రాసేవాడు. అక్కడ కాళ్లు లేనివాళ్లకి ఆసుపత్రి డాక్టర్లే పోటీలు పెడతారట, జనం చందాలిస్తారట. ఇంకో దేశంలో పాత సైనికుల సంఘాలు నడుపుతాయట. మరోచోట సర్కారే ఖర్చు పెట్టుకుంటుందట. మన దగ్గర ఎవరు చూస్తారని బావ నన్నే అడిగేవాడు. నేను నందిగామ తాలూకా ఆటల కమిటీలో ఉన్నాను మరి.

ఒక ఏడు ఆయన అర్జీ పెట్టాడు. గుండు విసరడానికి మైదానంలో గీసే గిరిలో కుర్చీ వేస్తే, కూర్చుని ఇనపగుండు విసురుతానన్నాడు. ప్రైజు వద్దు, అందరి కొలతల కింద తన కొలత కూడా రాస్తే చాలన్నాడు. ఆట సంగతైతే మాది, కాలు సంగతైతే సంక్షేమశాఖది. బావలో ఏ సగం ఎవరిదో తేలక, ఆ అర్జీ రెండు ఆఫీసుల మధ్య ఆయనకంటే ఎక్కువే నడిచింది.

చివరికి ఉపాయం నాదే. పోటీల రోజు ఆయన్ని వేదికమీద కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, దండేసి, వీరుడని మైకులో చెప్పించాను. సన్మానం చేయించుకున్న మనిషి లేచి మైదానంలోకి రాలేడు కదా. జనం చప్పట్లు కొట్టారు. గుండు పోటీ ఆయన కళ్లముందే అయిపోయింది. బావ దండ తీసి ఒళ్లో పెట్టుకుని నన్ను దగ్గరికి పిలిచాడు.

“కుర్చీ అడిగా, వేశావు బామ్మర్దీ. వేసిన చోటే బాగాలేదు.”

హాస్యమాడాడన్నట్టు నవ్వేశాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనే పేట వెళ్లడం తగ్గించాను.

పెద్దకర్మ అయిన మర్నాడు అక్క నన్ను దొడ్లోకి తీసుకెళ్లింది. అక్కడొక ఎత్తుపీట నేలలో దిగ్గొట్టి ఉంది. దాని ముందంతా గుంటలు. రోజూ పొద్దున్నే విసిరేవాడట. అప్పటిదాకా అన్నిటికంటే దూరం పడ్డ గుండు దాకా సరిగ్గా కొలిచి కోసుకున్న నులకతాడు ఒకటి చూపించింది.

“పోయే ముందురోజు విసిరింది ఇంకా కొలవలేదురా, అదిగో, ఆ చివరిది” అని ఒక కొస పీట దగ్గర తొక్కిపెట్టి, రెండోది నాకిచ్చింది.

పట్టుకుని నడిచాను. గుంటకి జానెడు ఇవతలే తాడు అయిపోయింది.