మార్చిలో కట్టినవాళ్ళు

బెల్లంకొండ నుంచి అచ్చంపేట వెళ్ళే రోడ్డు మీద, ఒక ఎరువుల కొట్టు మేడ మీద ఉంటుంది ధరణి పనిచేసే పొదుపు పరపతి సంఘం. కింద యూరియా వాసన, పైన కంప్యూటరు. గోడ మీద సహకారం గురించి ఒక నినాదం ఉంది. దాన్ని ఎవరూ చదవరు. చదివినా లోను రాదు.

ధరణి నరసరావుపేటలో స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చేసి, హైదరాబాదులో ఒక రికవరీ కాల్ సెంటర్‌లో కొన్నాళ్ళు పనిచేసింది. తెర మీద ఎర్రగా కనిపించిన ప్రతి పేరుకీ ఫోన్ చేసి, మర్యాద తగ్గకుండా భయపెట్టడం అక్కడి ఉద్యోగం. జీతం బాగానే వచ్చేది, అన్నమే సయించేది కాదు. టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, గుంటూరు కోల్డ్ స్టోరేజీలకు తోలే మినీ లారీ డ్రైవరు మహేష్‌ని చేసుకుని ఈ ఊరొచ్చాక, సంఘంలో లెక్కలు చూసే పనికి కుదిరింది. పదేళ్ళ అప్పులూ పొదుపులూ కంప్యూటర్లోకి ఎక్కించింది ఆమే.

ఈ జులైలో సంఘం ఒక సాఫ్ట్‌వేర్ కొన్నది. అది పాత లెక్కలన్నీ చదివి సభ్యులకు రంగులు వేస్తుంది. పచ్చ అయితే వెంటనే లోను, పసుపు అయితే హామీదారు కావాలి, ఎరుపు అయితే లేదు. అప్పు ఇవ్వనని మొహం మీద చెప్పే పాపం ఇక తమది కాదని డైరెక్టర్లు కాస్త తేలికపడ్డారు.

ఆ పాపం ధరణికి వచ్చింది. ఆగస్టులో వీరరాఘవమ్మ మెట్లెక్కి వచ్చి బల్ల మీద చెయ్యేసింది. రెండెకరాల మిర్చి, భర్త లేడు, నోరు మాత్రం నలుగురి పెట్టు.

"ఏందమ్మాయ్, నేను ఎరుపంట? మొహానికా, అకౌంటుకా?"

"అకౌంటుకి పిన్నీ. పోయినేడు లోను వాయిదా దాటాక కట్టావని."

"దాటాకైనా కట్టానా లేదా? కాయ ఏసీ గోడౌన్లో పెట్టి, రేటొచ్చినాక అమ్మి కట్టా. మార్చిలో అందరితో పాటు అమ్మితే కోత కూలి కూడా రాదు. ఆ ముక్క నీ మిషన్‌కి చెప్పు."

"దానికి తేదీలే తెలుసు పిన్నీ."

"నాకు నారు తెలుసు. వయసుకొచ్చింది. వచ్చే వారం దాటిందంటే ముదిరిపోయిద్ది. మీరియ్యకపోతే కమీషన్ కొట్టాయన ఇస్తాడు. అప్పుడు కాయంతా ఆయనకే పొయ్యాల, ఆయన చెప్పిన రేటుకి. సంఘంలో చేరింది ఆ ముప్పు తప్పించుకోటానికి కాదా ఏంది?"

ధరణి ఆమె పేరు కాగితం మీద రాసుకుంది. "శనివారం మీటింగులో పెడతా" అంది. వీరరాఘవమ్మ "పెట్టు, నేను నారుకి చెప్తాలే, శనివారం దాకా ఎదగొద్దని" అనేసి దిగిపోయింది.

సాయంత్రం అన్నం తింటూ మహేష్ అంతా విని, "మరి పచ్చోళ్ళెవరు?" అన్నాడు.

"మార్చి నెలాఖరు లోపల మొత్తం కట్టినవాళ్ళు."

మహేష్ పొలమారేలా నవ్వాడు. "కట్టుంటారు! రోజు వడ్డీవాడి దగ్గర తెచ్చి పొద్దున కడతారు, సాయంత్రం మళ్ళీ అదే లోను తీసి వాడి మొహాన కొడతారు. అది కట్టినట్టా? ఊళ్ళో ఎవరికి తెలీదు!"

నిజమే, ఎవరికీ తెలియక కాదు. ధరణికీ తెలుసు. ఆ జమలూ ఆ ఖర్చులూ ఆమే ఎక్కించింది. కాకపోతే ఊరందరికీ తెలిసిన సంగతిని కంప్యూటరుకు చెప్పాలని ఎవరికీ తోచదు. పాత అప్పును కొత్త అప్పుతో తుడిచేసే తతంగాన్ని అది క్రమశిక్షణ అనుకుంది. ఏసీలో సరుకు పెట్టి ఓపిక పట్టడాన్ని ఎగవేత అనుకుంది.

మర్నాడు ధరణి ప్రశ్న మార్చింది. తేదీకి ఎవరు కట్టారన్నది వదిలేసి, ఈ పదేళ్ళలో చివరికి ఎవరి అప్పు మునిగిందని అడిగింది. కట్టిన రోజే మళ్ళీ లోను తీశారా అన్నది కూడా చేర్చింది. జవాబు చూసి మళ్ళీ మొదటి నుంచీ లెక్క కట్టించింది. మునిగిన అప్పుల్లో ఎక్కువ భాగం ఏటేటా మార్చిలో ముచ్చటగా కట్టి, అదే పూట తిరిగి తీసుకున్నవాళ్ళవే. ఏసీ సరుకు అమ్మి ఆలస్యంగా కట్టినవాళ్ళలో బాకీ ఎగ్గొట్టినవాళ్ళు ఎక్కడో ఒకరు.

శనివారం డైరెక్టర్లు కూర్చున్నారు. ప్రెసిడెంటు హనుమంతరావు ఇరవై ఎకరాల ఆసామి, ఎన్నికలొస్తే ఆయన అరుగే పార్టీ ఆఫీసు.

"డబ్బులు పోసి మిషన్ కొంటిమి, మళ్ళీ నువ్వు చెప్పేదేందమ్మాయ్?" అన్నాడు.

ధరణి ప్రొజెక్టరుతో కొత్త రంగుల జాబితా గోడ మీద వేసింది. పేర్లు లేవు, సభ్యత్వ నెంబర్లే. హనుమంతరావు కళ్ళజోడు సవరించుకుని చదువుతూ ఆగిపోయాడు.

"నూట పన్నెండు ఎరుపైందేంది?"

"ఎవరిదన్నా అది?" అన్నాడు పక్కనున్న డైరెక్టరు కోటయ్య.

"నాదేరా" అన్నాడు హనుమంతరావు.

కోటయ్య ఆపుకోలేకపోయాడు. "పచ్చొచ్చిందని పోయిన నెలేగా అన్నా, అందరికీ టీలు పోయించావు!"

"నోర్ముయ్రా. నన్ను బజార్న పెడతావా ధరణీ?"

"నేను పేరు పెట్టలేదు బాబాయ్. మీరే చెప్పారు." అంది ధరణి. "మార్చిలో ఆ ఒక్క రోజుకి వడ్డీ ఎంతిచ్చారు?"

హనుమంతరావు కిటికీ వైపు చూశాడు. "చానా."

"ఇక్కడ చానామంది ఇస్తున్నారు బాబాయ్. అది సంఘానికి రాలా, మీకు మిగల్లా. ఇచ్చే లోను మన పొదుపు డబ్బే. వాయిదా మార్చిలోనే ఉండాలని ఎవడు చెప్పాడు మనకి?"

హనుమంతరావు మనసేమీ కరగలేదు. లెక్క అర్థమైంది, అది చాలు. "అట్టాగని వాయిదా తీసేస్తే ఒక్కడూ కట్టడు" అని గొణిగాడు కోటయ్య. దాని మీద గంటసేపు అరుచుకున్నారు. చివరికి మిర్చి వేసేవాళ్ళు ఏసీ రసీదు సంఘంలో పెడితే, సరుకు అమ్మేదాకా గడువు ఇవ్వాలని తీర్మానం రాశారు. మార్చిలో అప్పు తిరగేసుకునేవాళ్ళు ఈసారి నిజంగా ఎంత కట్టగలరో అంతే కట్టాలి, మిగతాది కిస్తులు. మొదటి సంతకం పెట్టి హనుమంతరావు పెన్ను విసిరేశాడు. "వీరరాఘవమ్మ కాగితాలు ఇటివ్వు. ఆమె నోట పడితే ఊళ్ళో తిరగలేం."

సోమవారం వీరరాఘవమ్మ ఖాతాలో డబ్బు పడింది. బుధవారం మధ్యాహ్నం ధరణికి ఆమె దగ్గర్నుంచి ఫోనొచ్చింది. వెనక కూలీల కేకలు, ఎవరో ఎవర్నో నారు కట్ట అందించమని తిట్టడం.

"ఏమే, ఎకరం నాటేశాం. మబ్బు కూడా పట్టింది. మీ ప్రెసిడెంటు చేలో ఇంకా దుక్కే కాలా, తెలుసా?"

"నీ లోనుకి ఆయనే సంతకం పెట్టాడు పిన్నీ."

"పెట్టనీ. దుక్కి కాకపోతే కాలేదనే అంటాం గదా!" అని, ధరణి నవ్వు పూర్తిగా వినకుండానే ఫోన్ పెట్టేసింది.