ముగ్గు తొక్కిన ఊరు

మా ఊళ్ళో ఒక మనిషి నమ్మదగినవాడా కాదా అని తేల్చడానికి, అతను హాట్‌డాగ్ మీద ఏం వేసుకుంటాడో చూస్తే చాలు. కెచప్ వేసుకోవచ్చు. మస్టర్డ్ వేసుకోవచ్చు. రెండూ కలిపి వేసుకుంటే మాత్రం అతను నది అవతలి ఊరివాడన్నమాట. ఎరుపూ పసుపూ అవతలి ఊరి హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టు రంగులు. మావి నలుపూ తెలుపూ. ఏటా ఆ రెండు ఊళ్ళకీ ఆట జరిగే వారంలో మా హాట్‌డాగ్ బండివాడు ఏదో ఒక సీసానే బయట పెడతాడు. రెండోది అడిగితే నీళ్ళు తాగి వెళ్ళమంటాడు.

ఇది న్యూజెర్సీలో ఒక చిన్న ఊరి సంగతి. ప్లెయిన్స్‌బరోలోనో పిస్కాటవేలోనో మనవాళ్ళ మధ్య ఉండకుండా అంత దూరం పోయి ఇల్లు కొన్నారేమిటని బంధువులు అడిగేవారు. ఇల్లు బాగుంది, కొన్నాం. అంతకన్నా కారణం లేదు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అంటే తప్పులు వెతకడం. ఆ పని సాయంత్రం ఇంటికి కూడా మోసుకొస్తానని మా ఆవిడ అంటుంది. అలాంటి నేను ఆ ఊళ్ళో మొదటి శరదృతువులో పక్కింటివాళ్ళు పిలిస్తే మొహమాటానికి ఆటకి వెళ్ళాను. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెడుతుంటే మిగతావాళ్ళంతా వాడి మీద పడే అమెరికా ఫుట్‌బాల్. సగం ఆట అయ్యేసరికి నేను బల్ల మీద నిలబడి, నా జన్మలో ఎన్నడూ చూడని పిల్లవాణ్ణి "పరిగెత్తరా నాయనా" అని తెలుగులో బతిమాలుతున్నాను. అప్పటినుంచీ అంతే. ఆ పిచ్చి మళ్ళీ దిగలేదు.

పిచ్చి ముదిరి ఒక కోరికగా మారింది. మైదానం అంచున ఒక గొలుసు ఉంటుంది. దాని రెండు చివర్లా రెండు కర్రలు. పది గజాల పొడవైన ఆ గొలుసుతోనే జట్టు ఎంత ముందుకు పోయిందో కొలుస్తారు. రిఫరీ చెయ్యి ఊపితే కర్రలు పట్టుకున్నవాళ్ళు మైదానం మధ్యకి పరిగెత్తుకెళ్ళి గొలుసు లాగి పట్టాలి. వేలమంది ఊపిరి బిగబట్టి ఆ గొలుసునే చూస్తారు. జీతం లేదు. ఊళ్ళో దానికున్న గౌరవం మేయరుకి కూడా లేదు. తండ్రి తరవాత కొడుకు, కొడుకు తరవాత వాడి బావమరిది, అలా పోతుంది. నేనేమో ఏళ్ళ తరబడి స్టాండ్స్ ఊడ్చాను, వానలో టికెట్లు చింపాను, జట్టు బస్సు వెనకాల కారు డ్రైవ్ చేశాను. చివరికి ఒకాయన మోకాలు దెబ్బతిని కర్ర ఖాళీ అయింది. అభిమానుల సంఘానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. మెయిన్ స్ట్రీట్ మీద మేకులూ తాళాలూ అమ్మే కొట్టు నడిపి, మూసేసి, రిటైరైనవాడు. గొలుసు పెత్తనం ఆయనదే. నన్ను "డాక్" అని పిలిచేవాడు. నేను డాక్టర్ని కాదని చెప్పడం మానేసి చాలాకాలమైంది. "డాక్, కొత్త ప్లాజా ఓపెనింగ్ రోజున చెబుతాను కర్ర ఎవరికో" అన్నాడు. ఆ మాట తరవాత నాకు అన్నం సయించలేదు.

ప్లాజా అంటే చెప్పాలి. హైవే మీద మాల్ వచ్చాక మా మెయిన్ స్ట్రీట్ చచ్చిపోయింది. చెప్పుల కొట్టు పోయింది, సినిమా హాలు పోయింది, మిగిలింది ఒక మంగలి షాపూ, మా ఆవిడ టిఫిన్ సెంటరూ. పగలు కూడా ఆ వీధిలో దోసె చుయ్యిమన్న శబ్దం తప్ప ఏదీ వినపడేది కాదు. అప్పుడు టౌన్ కమిటీవాళ్ళు నడుం కట్టి ఇటుకల పేవ్‌మెంట్ పరిచారు, పాతకాలపు దీపస్తంభాలు నిలబెట్టారు, పూలబుట్టలు వేలాడదీశారు. మూసేసిన బ్యాంకు పార్కింగ్ ఉన్నచోట, సరిగ్గా మా టిఫిన్ సెంటర్ ఎదురుగా, ఇటుకల ప్లాజా కట్టారు. మధ్యలో ఫౌంటెన్ పెడదామని కమిటీ అంటే, అభిమానులు ఒప్పుకోక గోల్‌పోస్టు పెట్టించారు. ఆడటానికి కాదు, ఊరికే చూసుకోవడానికి. పావురాలకి బాగా నచ్చింది.

ఆ గోల్‌పోస్టుని చూసి, "బట్టలారేసుకోవడానికి బాగానే ఉంది గానీ, మరీ అంత ఎత్తైతే అందేదెలా?" అని అడిగింది మా అత్తగారు. ఆవిడ కాకినాడ నుంచి ఆర్నెల్లుండి పోదామని వచ్చింది. రోజూ రాత్రి అన్నాల దగ్గర నేను కర్ర గురించి మాట్లాడేవాణ్ణి. వస్తుందా, రాదా, ఎవడు అడ్డుపడుతున్నాడు, పోయిన వారం పెద్దాయన నవ్వాడా లేదా. మా ఆవిడ చెవిన వేసుకునేది కాదు. అత్తగారు మాత్రం నా కంచంలో నెయ్యి వేస్తూ అంతా వినేది. ఏం కర్ర అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఓపెనింగ్ శనివారం పొద్దున. అదే మధ్యాహ్నం నది అవతలి ఊరితో ఆట. మెయిన్ స్ట్రీట్ కొట్లవాళ్ళు తలా కాస్త ప్లాజాని అలంకరించాలని కమిటీ అడిగితే, మా ఆవిడ ముగ్గు వేయిస్తానంది. అత్తగారి ముగ్గంటే కాకినాడలో వాళ్ళ వీధి వీధంతా పేరు. కమిటీవాళ్ళు పెద్ద డబ్బానిండా నల్ల సుద్దలూ తెల్ల సుద్దలూ ఇచ్చిపోయారు. నేనే దగ్గర కూర్చుని చెప్పాను.

"అత్తయ్యగారూ, నలుపూ తెలుపూ. ఇంకే రంగూ వద్దండి."

ఆవిడ తల ఊపింది. ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. అల్లుడి మాటకి అత్తగారు ఎదురు చెప్పదు. చెప్పదు, అంతవరకే. వింటుందని ఎవరన్నారు? ఆ తల ఊపడానికి అర్థం "మీరు చెప్పారు, నేను విన్నాను, ఇక మీరు లేవచ్చు" అని.

శనివారం తెల్లవారగానే మా ఆవిడ టిఫిన్ సెంటర్ వంటింట్లో సాంబారు పెట్టుకుంటూ ఉంది. అత్తగారు చీర మీద నా పాత స్వెటర్ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, బొచ్చె పట్టుకుని ప్లాజాలోకి దిగింది. పొద్దెక్కాక నేను కారులో వచ్చేసరికి మూలనించి మూల దాకా ముగ్గు పరుచుకుని ఉంది. తామరపూలు, లతలు, నాలుగు పక్కలా నాలుగు దీపాలు. ఒక్క గీత వంకర లేదు. అంత అందమైన ముగ్గు నేనింతవరకూ చూడలేదు. అంతా ఎరుపూ పసుపూ. నల్ల సుద్దలు డబ్బాలో అలాగే ఉన్నాయి. మూత కూడా తియ్యలేదు.

ఆ డబ్బా పట్టుకుని ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

"అత్తయ్యగారూ, ఏమిటండీ ఇది?"

"కొత్త చోటు ప్రారంభం పెట్టుకుని నలుపేమిటి బాబూ? ఎవరైనా వింటే నవ్విపోతారు. వాళ్ళకంటే తెలీదు, చెప్పేవాళ్ళు లేరు. పసుపూ ఎరుపూ అయితే శుభం. ఇక్కడ దొరకవేమోనని రంగులు నేనే పెట్టెలో తెచ్చుకున్నాను."

ఈలోగా జనం వచ్చేశారు. నల్ల చొక్కాలూ తెల్ల టోపీలూ వేసుకుని, మొహాలకి చారలు పూసుకుని వచ్చినవాళ్ళు వచ్చినట్టే నిలబడిపోయారు. ఎవరో "వాళ్ళే! రాత్రికి రాత్రి వచ్చి పోయారు" అన్నారు. వాళ్ళంటే నది అవతలివాళ్ళు. పోలీసాయన వచ్చి ముగ్గు చుట్టూ టేపు కట్టబోయాడు. ఆ టేపు పసుపు రంగుది కావడంతో జనం ఆయన మీద కూడా లేచారు. బ్యాండు పిల్లలు ట్రంపెట్లు దించేశారు. ఒక ముసలావిడ ఏడ్చింది.

ఆ గుంపుని చీల్చుకుంటూ పెద్దాయన వచ్చాడు. ఆయన ముఖం చూస్తే కర్ర సంగతి ఇక మరిచిపోవచ్చనిపించింది. ఎవరు చేసినా సరే, ముందు నీళ్ళ పైపు తెప్పించి కడిగించమన్నాడు. అప్పుడు అత్తగారు, ఇంతమంది తన ముగ్గు చూడ్డానికే వచ్చారనుకుని, ముందుకొచ్చి అందరికీ నమస్కారం పెట్టింది. రెండు అరచేతులూ ఎర్రగా ఉన్నాయి. ముక్కు మీద పసుపు. ఇక సాక్ష్యం అక్కర్లేదు.

మా ఆవిడ గరిటెతో సహా బయటికి పరిగెత్తుకొచ్చింది. "ఏవండీ, అమ్మకి కలర్స్ చెప్పారా లేదా మీరు?"

"చెప్పాను. తల ఊపారు."

"అయ్యో, ఊపితే నమ్మేశారా?" అంది జాలిగా.

"డాక్, ఈవిడ మీ మనిషేనా?" అన్నాడు పెద్దాయన.

అవునన్నాను. ఇది మా ఇళ్ళ ముందు వేసుకునేదనీ, ఆ రంగులు మాకు మంచివనీ, ఆవిడకి నది అవతల ఒక ఊరుందనే తెలియదనీ చెప్పుకొచ్చాను. ఎంత చెప్పినా జనం మూతులు బిగించుకునే ఉన్నారు. నేను అత్తగారి వైపు తిరిగి, కడిగేస్తామంటున్నారండీ అన్నాను. ఆవిడ బొచ్చె కింద పెట్టింది.

"వేసిన పూటే ముగ్గు కడుగుతారా ఎక్కడైనా? చేత్తో చెరపకూడదు. జనం తొక్కుతూ పోతే అదే పోతుంది. తొక్కడానికే కదా బాబూ వేసేది."

నేను ఒక్క ముక్క పొల్లు పోకుండా ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆ ముగ్గు తొక్కడానికే వేశారట అని.

పెద్దాయన ఆ ఎర్ర తామరపూల వంకా, పసుపు లతల వంకా చూశాడు. తరవాత తన బూట్ల వంక చూసుకున్నాడు.

"అంటే, ఈ రంగుల్ని మేం తొక్కచ్చా? అందరం?"

"అందరూ తొక్కచ్చటండీ" అన్నాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

ఆయన బూటెత్తి మొదటి తామరపువ్వు మీద ధనామని వేశాడు. ఆ తరవాత నేను చూసింది వర్ణించడం నా వల్ల కాదు. జట్టు పిల్లలు దూకారు. బ్యాండు వాయిస్తూ ముగ్గు మీద కవాతు చేసింది. మేయరు రిబ్బన్ కత్తిరించడం మరిచిపోయి గంతులేశాడు. పోలీసాయన కూడా అటూ ఇటూ చూసి ఒక దీపం మీద మడమ తిప్పాడు. ఇందాక ఏడ్చిన ముసలావిడ వాకర్ పట్టుకునే తొక్కింది. చచ్చిపోయిందనుకున్న మెయిన్ స్ట్రీట్‌లో ఆ రోజు నడవడానికి చోటు లేదు. మా ఆవిడ చేసిన ఇడ్లీలన్నీ అయిపోయాయి. అది మొదలు ఏటా ఈ తంతు జరిగింది. అత్తగారు ఇండియాలో ఉన్న ఏడాది మా ఆవిడే వేసింది. ఎరుపూ పసుపూ మరికాస్త దట్టించమని కమిటీవాళ్ళే అడిగేవారు.

అత్తగారు మాత్రం ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడి, "పాపం, ఎంత భక్తిగా తొక్కుతున్నారో" అంది.

అంతా అయ్యాక పెద్దాయన చెమట తుడుచుకుంటూ వచ్చాడు. మనిషి పదేళ్ళు చిన్నవాడైపోయాడు. "ఈవిడకి ఊరు తరఫున ఏం కావాలో అడుగు డాక్. ఏదైనా సరే."

అడిగాను. ఆవిడ చీర కొంగు సర్దుకుని, "నాకేం వద్దు నాయనా అని చెప్పండి. మా అల్లుడుగారు రాత్రిళ్ళు సరిగ్గా అన్నం కూడా తినడం లేదు, ఆయనకి ఆ కర్రేదో ఇప్పించమని చెప్పండి" అంది.

నా సిఫార్సు నేనే చదువుకోవడం ఎలా? "ఆవిడకి ఏమీ వద్దటండీ" అన్నాను.

"నేను అంత పొడుగు చెబితే మీరు ఇంత పొట్టిగా చెప్పారేం?" అంది అత్తగారు. ఇక నాతో లాభం లేదని నేరుగా ఆయన వైపు తిరిగింది. ఎర్రటి వేలు నా ఛాతీకి గురిపెట్టి, "మై సన్-ఇన్-లా" అంది. గుప్పిట బిగించి గాల్లో కర్ర పట్టుకున్నట్టు చూపించింది. "స్టిక్. గివ్." ఆ తరవాత అన్నం ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయినట్టు కూడా చేసి చూపించింది.

పెద్దాయన నవ్వలేదు. ఎంతో గంభీరంగా, ముందు కర్రా వెనక కర్రా అని అడగమన్నాడు. ఈసారి తప్పించుకోలేక అడిగాను.

"ముందుదే" అంది ఆవిడ, కూరగాయల బేరంలో చివరి మాట చెప్పినట్టు.

ఆ మధ్యాహ్నం నేను ముందు కర్ర పట్టుకుని మైదానం అంచున నిలబడ్డాను. ఆటగాళ్ళు మీదికొస్తే కర్ర వదిలేసి వెనక్కి తప్పుకోవాలన్నది గొలుసు పట్టేవాళ్ళు నేర్చుకునే మొదటి నియమం. అవతలి జట్టువాళ్ళు నలుగురూ మావాళ్ళు ముగ్గురూ కలిసి నా మీద పడ్డప్పుడు నాకది గుర్తు రాలేదు. అందరూ లేచాక అడుగున నేనున్నాను, నా కౌగిట్లో కర్ర ఉంది. పెద్దాయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. స్టాండ్స్‌లో ఒక్క మనిషి మాత్రం లేచి చప్పట్లు కొట్టింది. ఆటంతా ఆవిడ బంతి వంక ఒక్కసారి కూడా చూడలేదట. మా ఆవిడ ఎన్నిసార్లు చూపించినా, "ఉండవే, ఆయన కదులుతున్నారు" అందట.

మేం చిత్తుగా ఓడిపోయాం. శుభమైన రంగులు కదా, శుభం వాళ్ళకి జరిగింది. ఊరంతా కిటికీలకి తెరలు దించేసుకుని దిగులుగా కూర్చుంది. నేను మోకాలి మీద ఐస్ పెట్టుకుని సోఫాలో పడ్డాను. పక్కనే అత్తగారు కాకినాడలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి చెబుతోంది.

"అవునే, చాలా పెద్ద బాధ్యత. ఊరంతా ఏరి కోరి ఇచ్చారు. మా అల్లుడుగారు కర్ర పెడితేగానీ ఆట ముందుకి సాగదు. మీద ఏడుగురు దున్నపోతుల్లాంటి కుర్రాళ్ళు పడ్డా వదల్లేదే. ఆ? గెలుపా? గెలుపోటములు ఆ పిల్లలవి. ఈయన పని ఈయన బ్రహ్మాండంగా చేశారు."

ఆవిడ ఆ ఫోన్ పెట్టేసి పెద్దాడపడుచు నంబరు నొక్కింది. నేను ఐస్ మార్చుకోవడానికి లేవబోయినవాణ్ణి, మళ్ళీ విందామని కూర్చుండిపోయాను.