చిగుళ్ల ఇంజక్షనూ, కరుణమ్మ బోరుబండీ

రండక్కా, చాప ఇంకా ఖాళీగానే ఉంది, దగ్గరికి జరగండి. గోడకు ఆనుకున్నోళ్లు కూడా ముందుకు రండి. ఇది దూరం నుంచి వినే సంగతి కాదు. పోయిన శుక్రవారం నా నోటి పుణ్యాన కొనకనమిట్లకు ఒక బోరుబండి బయల్దేరబోయింది! నేను బోరు అనే మాటే ఎత్తలేదు తల్లీ. అసలు ఏ మాటా ఎత్తలేకపోయినాను, అదే వచ్చిన తంటా.

మీకు తెలుసు గదా, ఏ ఇంట్లో ప్రార్థన కూటం పెట్టినా ఈ సువార్తమ్మను పిలిచేది ఒక్కదానికే. బైబిలు తెరవకుండా అందులోని పెద్ద కీర్తన మొత్తం నోటికి చెప్తానని. అది ప్రభువు ఇచ్చిన వరం, ఇందులో నా గొప్పేం లేదు. సరేలే, కొంచెం ఉంది. అట్లాంటిదాన్ని, ఆ మధ్య పెద్దారవీడు కూటంలో మధ్యలో ఆగిపోయినాను. ఎక్కడ ఆగినానంటారు? దేవుడు చేసిన మేళ్లు మరిచిపోవద్దు అని వచ్చే చోట! ఎంత వెతుక్కున్నా తర్వాతి మాట రాలేదు. గబుక్కున పాట ఎత్తుకుంటే అందరూ చప్పట్లు కొట్టినారు. ఎవురూ కనిపెట్టలేదు గానీ నా గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే, మా అమ్మ. పోయే ముందు, అన్నం కలిపి నోట్లో పెడుతున్న నన్నే చూసి, "ఏ ఊరమ్మా మీది? మంచిదానివి" అనింది. అమ్మా, నేనే అంటే నవ్వింది, అంతే. ఆ దోవ నాకూ మొదలైందా అని భయం పట్టుకుంది.

మా కోడలు రూతుకు చెప్తే ఫోన్‌లో ఏందేందో చదివి, "అత్తమ్మా, చిగుళ్ల జబ్బుకూ మతిమరుపుకూ సంబంధం ఉండొచ్చంట" అనింది.

"ఏందీ? పండ్లకూ మెదడుకూనా? మధ్యలో ముక్కూ కండ్లూ అన్నీ ఉన్నాయి గదే!"

అన్నానే గానీ ఊరుకుంటానా? అద్దం ముందు నిలబడి పెదవి ఎత్తి చూసుకున్నాను. చిగుళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. తోముకుంటే రక్తం ఎప్పటినుంచో వస్తానే ఉంది. నేనేమో ఉప్పూ బొగ్గుపొడీ కలిపి ఇంకా గట్టిగా రుద్దేదాన్ని. మా అమ్మ చిగుళ్లూ ఇట్లనే ఉండేవి, ఆమె పొగాకు కాల్చిన పొడి అద్దుకునేది. ఇంక నాకు నిద్ర పడితే ఒట్టు.

శుక్రవారం పొద్దున్నే మార్కాపురంలో పండ్ల డాక్టరమ్మ దగ్గరికి పోయినాను. ఎవురికీ చెప్పలేదు. "ఊరందరి రోగాలకూ ప్రార్థన చేసే ఆమె, తన పంటికి ఆస్పత్రి మెట్లెక్కింది" అంటారని నామోషీ.

కుర్చీలో పడుకోబెట్టంగానే అడిగేసినాను. "డాక్టరమ్మా, చిగుళ్లు చెడితే మతి పోతుందా?"

"ఖాయంగా చెప్పలేమమ్మా. చాలామందిలో రెండూ కలిసి కనిపిస్తున్నాయి. చిగుళ్లలో ఉండే క్రిములో, ఆ వాపో, రక్తం ద్వారా మెదడు దాకా పోయి ఏమన్నా చేస్తాయేమోనని అనుమానం. ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి."

"మరి మతి తప్పినోళ్లు పండ్లు తోముకునేది మరిచిపోతారు గదా? దానివల్ల చిగుళ్లు చెడొచ్చు గదా?"

ఆయమ్మ చేతిలో చిన్న అద్దం అట్లే పట్టుకొని నన్నే చూసింది. "అదీ ఉందమ్మా. ఏది ముందో తేల్చేదే కష్టం. చిగుళ్లు బాగుచేస్తే మతిమరుపు రాదని నేను మాటివ్వలేను. పండ్లు మాత్రం నిలుస్తాయి. ఒక్క మాట మరిచిపోయినందుకే అంత భయపడొద్దు. ఇట్ల మాటిమాటికీ జరిగితే మాత్రం ఫిజీషియన్‌కు చూపించుకోండి."

ఇంకా అడగాల్సినవి చాలా ఉన్నాయి, ఈలోపల సూది పొడిచేసింది! చిగుళ్ల లోపలి దాకా క్లీన్ చేసి, బుగ్గలో దూది పెట్టి పంపింది. మొద్దుబారింది పోయేదాకా ఏం తినొద్దనింది. మాట్లాడొద్దని మాత్రం అనలేదు, చూడండి!

మధ్యాహ్నం కొనకనమిట్లలో కరుణమ్మ ఇంట్లో కూటం. ఊరు చేరేలోపల మత్తు దిగుతుందిలే అని బస్సెక్కినాను. దిగలేదు. నాలుక నాది కాదు, పెదవి అసలే నాది కాదు. అయినా కీర్తన చెప్పి చూడాల్సిందే. నా మతి ఉందో పోయిందో ఈ రోజు తేలిపోవాల!

లేచి, కండ్లు మూసుకొని మొదలుపెట్టినాను. నోట్లోంచి వచ్చింది ఏ దేశపు మాటో నాకే తెలీలేదు. లా, ల్లా, బ్వా! అయినా ఆపకుండా గొంతు పెంచినాను.

"హల్లెలూయా! అన్యభాష!" అని ఎస్తేరు పెద్దమ్మ లేచింది. పరిశుద్ధాత్మ వశంలో ఎవురన్నా తెలియని భాష మాట్లాడితే, మా కూటాల్లో దాని అర్థం చెప్పేది ఆమెనే. కరుణమ్మ ఇంటాయన దావీదు, తమ బోరు ఎండిపోయి, కొత్తది ఎక్కడ వెయ్యాలా అని ఆ కూటం పెట్టించినాడు. ఇంక చూడండి.

"పడమటి మూల! పడమటి మూలన నీళ్లున్నాయంటున్నాడు ప్రభువు!"

కండ్లు తెరిచేసరికి దావీదు ఫోన్‌లో ఉన్నాడు. "అన్నా, బోరుబండి పంపించు, పాయింట్ దొరికింది!"

నా పై ప్రాణాలు పైనే పోయినాయి. చేతులు ఊపి, కాదు, ఆపండి, ఇంజక్షన్ అని అరిచినాను. "బ్వాదు! బ్వాబండి!"

"పడమర కాదంట! తూర్పంట!" అనింది పెద్దమ్మ.

"అన్నా, తూర్పంట!" అన్నాడు దావీదు ఫోన్‌లో.

ఇంక లాభం లేదని బుగ్గలోంచి దూది పీకి, రక్తం మరకతో సహా అందరి ముందూ ఎత్తి చూపించినాను. వేలిని సూదిలాగా బుగ్గకు పొడుచుకున్నాను.

"అక్కా... పంటికి పోయొచ్చినావా?" అనింది కరుణమ్మ.

తల ఊపినాను. పెద్దమ్మ నిదానంగా కూర్చొని, "నేనూ అనుకుంటానే ఉన్నా, ఈ భాష ఎప్పుడూ విన్లేదే అని" అనింది. దావీదు ఫోన్‌లో, "వద్దన్నా, వద్దు, అది ఇంజక్షనంట... లేదన్నా, బోరుకు కాదు, పంటికి!" అంటున్నాడు. ఇంక నవ్వులే నవ్వులు. పెద్దమ్మ అయితే కొంగు నోట్లో కుక్కుకుంది.

కానీ నా లోపల సంగతి వినండి. బయటికి లల్లాబ్వా అన్నా, మనసులో మాటలు వరస తప్పలేదు. ఆగిపోయిన చోటు కూడా దాటినాను, చివరిదాకా పోయినాను! కొంగుతో జొల్లు తుడుచుకుంటా, దేవునికి స్తోత్రం చెప్పుకుంటా ఏడ్చేసినాను. ఒక్క తప్పు లేకుండా మొత్తం చెప్పినాను తల్లీ, వినిన ఒక్కరికి కూడా ఒక్క ముక్క అర్థం కాలేదు!

చిగుళ్లకూ మతికీ లంకె నిజమో కాదో చదువుకున్నోళ్లు తేలుస్తారు. తేలేదాకా మనం ఊరికే ఉండాల్సిన పన్లేదు. మీరు ఒక్కటి గుర్తు పెట్టుకోండి. రాత్రి అన్నం తిన్నాక, మెత్తటి బ్రష్షుతో, చిగుళ్లు నొప్పి పుట్టకుండా పండ్లు తోముకొని పండుకోవాల. ఏం చెయ్యాల? నోరు మొద్దుబారనోళ్లంతా గట్టిగా ఇంకోసారి చెప్పండి!