తాతగారి కుర్చీలో దొరికిన వంశం

ఆ రోజుల్లో మనుషులు ఆస్తులు పోగొట్టుకున్నా నడక మార్చుకునేవారు కాదు. మా ఇంటివాళ్ళయితే మరీను. పొలాలు పోయాయి, ఊళ్ళో కోటలాంటి మా గడి పోయింది, గడికి తలుపులుగా ఉన్న చెక్కలు కూడా ఎవరింటికో తలుపులయిపోయాయి. కానీ మా వెన్నులు మాత్రం వంగలేదు. బస్సులో కూర్చున్నా వెనక్కి ఆనకుండా కూర్చోవడం మా నాయన నాకు నేర్పిన మొదటి విద్య. అరవైల చివర్లో నేను విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర పరిశోధనకు చేరి, నాయన పోయాక ఒంటరిదైన మా అమ్మతో కలిసి తార్నాకలో ఒక టీచరమ్మగారింట్లో వెనక వాటాలో అద్దెకు ఉండేవాణ్ణి. గడి నుంచి మాతో వచ్చినవి కాసిని ఇత్తడి గిన్నెలు, తాతగారి కుర్చీ. చేతుల చివర సింహం తలలున్న నల్లటి కుర్చీ. బర్మా టేకు. మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కన్నా ముందు ఆ మాట అందేది. అందులో ఎవరూ కూర్చునేవారు కాదు. (కూర్చోవడానికి ఇంకో కుర్చీ లేదు గనుక అందరం చాప మీదే.)

నేను చదివేది పొడుగు మీసాల పురుగుల గురించి. ఒంటి కన్నా మీసాలే పొడుగ్గా ఉండే ఈ పురుగులు పిల్లలుగా ఉన్నప్పుడు ఏళ్ళ తరబడి కర్రలోనే ఉండి, దాన్నే తింటూ పెరిగి, రెక్కలొచ్చాక కన్నం చేసుకుని బయటికొస్తాయి. చెట్టు నరికి, కోసి, సామాను చేయించి మెరుగు పెట్టినా లోపలున్నది నింపాదిగా తింటూనే ఉంటుంది. వీటికి పేర్లు పెట్టే పద్ధతి అచ్చం మన పద్ధతే: ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ఆ ఇంటిపేరునే ప్రజాతి అంటారు. కొత్త జాతి దొరకడమంటే ఉన్న ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టినట్టు. కొత్త ప్రజాతి అంటే కొత్త వంశమే. వంశం అన్న మాట వింటే నా వెన్ను ఇంకొంచెం నిటారయ్యేదని వేరే చెప్పాలా.

వానలు మొదలైన కొత్తల్లో ఒక ఉదయం చూద్దును కదా, తాతగారి కుర్చీ చేతిమీద, సింహం చెవి పక్కన, గోధుమరంగు పురుగొకటి మీసాలు చాచి కూర్చుంది. దాని వెనక గుండ్రటి కన్నం, కింద పిండిలాంటి కర్రపొట్టు. అమ్మ అప్పటికే చీపురు ఎత్తింది.

“అమ్మా, ఆగు, కొట్టకు.”

“ఏందిరా, పురుగే గద.”

“అది మామూలు పురుగు కాదమ్మా.”

“మరేంది, చుట్టమా?”

చుట్టమో కాదో ఆ పూట నాకూ తెలియలేదు. ప్రయోగశాలకు పట్టుకెళ్ళి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. మీసంలో మూడో కణుపు అన్నిటికన్నా పొడుగు, దాని లోపలి కొసన ఒక ముల్లు. కళ్ళు మీసాల మొదళ్ళ చుట్టూ ఎంత లోతుగా చీలాయంటే, ఒక్కో కన్నూ రెండు ముక్కలైనట్టే ఉంది. మెడ పలకకు పక్కల ఉండాల్సిన కొమ్ములు లేవు, నున్నగా ఉంది. రెక్కల డొప్పలు చివర కత్తిరించినట్టుండి, రెండేసి పళ్ళు. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ వింత కాదు. ఒక్కోటి ఒక్కో ప్రజాతిలో ఉన్నదే. నాలుగూ కలిసి ఒకే ఒంటిమీద ఉన్న పురుగు మాత్రం మా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ లేదు. మా సారు నల్గొండ పక్క రైతు కుటుంబం నుంచి పైకొచ్చిన మనిషి. నన్ను జాగీర్దార్ సాబ్ అనేవారు. (మర్యాదో వెటకారమో చివరిదాకా తేలలేదు.) చాలాసేపు చూసి కళ్ళజోడు తీశారు.

“నాలుగు గుర్తులు ఒక్కదాంట్ల ఉన్నయంటే ఆలోచించాల్సిందే, జాగీర్దార్ సాబ్. గని ఇది ఆడది. మగదానికి కూడ గివే గుర్తులు ఉండాలె. లేకుంటే రేపు ఎవడో మగదాన్ని పట్కొచ్చి, ఇది కొత్త వంశం కాదు, ఫలానోళ్ళ కోడలు అంటడు.”

“మగది దొరికితే ప్రజాతి నిలుస్తుందా సార్?”

“నిలుస్తది. పేరు నువ్వే పెట్టుకో. జల్దీ చెయ్యి. పక్క రాష్ట్రంల ఇంకొకాయన గీ పురుగుల మీదనే కూసున్నడు. ఎవరిది ముందు అచ్చయితే వంశం వాళ్ళదే.”

పేరు అప్పుడే పెట్టేశాను, మనసులో. మా ఇంటిపేరుకు లాటిన్ తోక. ఊళ్ళో ఆ పేరు పలికేవాళ్ళు లేకుండా పోయారు. ప్రపంచంలో పురుగులు చదివే ప్రతివాడూ ఇక పలకాల్సిందే. అంబర్‌పేటలో మా పెదనాయన ఉండేవారు. పెళ్ళిళ్ళలో నన్ను చూపించి “మావోడు పురుగుల్ని పట్కుంటడు” అని పక్కకు తిరిగి నిట్టూర్చేవారు. అచ్చయిన కాగితం ఆయన చేతిలో పెట్టే రోజు ఊహించుకుంటూ తార్నాక దాకా ఎన్నిసార్లు నడిచానో. ఊహ అయ్యాక భయం మొదలయ్యేది. మగపురుగు లేకపోతే? ఉన్నా, కన్నం చేసుకుని నేను లేనప్పుడు ఎగిరిపోతే? మధ్యాహ్నం వీధి సద్దుమణిగాక కుర్చీ కాలికి చెవి ఆనిస్తే లోపల కరకరమని సన్నగా వినిపించేది. అది వినిపిస్తే ఒక భయం, వినిపించకపోతే ఇంకో భయం. చివరికి నా మంచానికున్న దోమతెర విప్పి కుర్చీకి కట్టాను.

మా టీచరమ్మగారు గుంటూరు వైపు మనిషి. మిషన్ బడిలో లెక్కలు చెప్పేవారు. కిటికీలోంచి చూసి లోపలికే వచ్చేశారు.

“ఏం అబ్బాయ్, కుర్చీకి దోమలు కుడుతున్నాయా?”

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ ముఖం మారింది.

“పురుగు పడితే కిరసనాయిలు కొట్టుకోవాలి గానీ తెర కట్టి సాకుతారటయ్యా? రేపు అవి మా ద్వారబంధాలు తింటే ఎవరిని అడగను?”

“ఇవి ఆ రకం కావండి.”

“ఏ రకమైనా నోరున్న రకమే గదా. ఆదివారం గుడిలో ప్రార్థన కాగానే నేనే వచ్చి పోస్తాను. నీకు చేతులు రావు.”

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. కిరసనాయిలు పోస్తే వంశం మొత్తం లోపలే అంతరిస్తుంది. వద్దని వాదిస్తే ఇల్లు ఖాళీ చెయ్యాలి. కుర్చీ ఎత్తుకెళ్ళి అడిక్‌మెట్‌లో స్నేహితుడి గదిలో పెడదామా అనుకున్నాను. తాతగారి కుర్చీని రిక్షాలో వీధుల వెంట తిప్పడం మా ఇంటా వంటా లేదు. ఆదివారం పూట ప్రార్థన ముగిసే వేళ నాకు ఒకటే దారి కనిపించింది. దోమతెర ఎత్తి, లోపలికి దూరి, కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ ఎంత కోపంలో ఉన్నా మనిషి మీద కిరసనాయిలు పోయరు కదా.

అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది. “దిగురా. అండ్ల ఎవరన్న కూసుంటరా?”

“కాసేపే అమ్మా.”

“తెర లోపల కొత్త పెండ్లికొడుకు తీర్గ ఏంది ఆ కూసునుడు?”

అంతలో టీచరమ్మగారు తెల్లచీరలో, ఒక చేత బైబిలు, ఇంకో చేత కిరసనాయిలు డబ్బాతో గుమ్మంలోకి వచ్చారు. సరిగ్గా అప్పుడే నా తొడ కింద ఏదో కదిలింది. ముందు సన్నగా గీరినట్టు, తర్వాత ఆరు కాళ్ళతో మెల్లగా ముందుకు. నేను కొయ్యబారిపోయాను. కొంచెం బరువు పెడితే నలిగిపోతుంది, లేస్తే ఎగిరిపోతుంది.

“లేవయ్యా బాబూ, ఆలస్యమైతే వంట చెడుతుంది.”

“లేవలేనండి.”

“అదేంటి?”

“లేవకూడదండి.” ఒళ్ళంతా చెమట. ఆవిడ డబ్బా కింద పెట్టి, తెరలోకి చెయ్యి పెట్టి నా నుదురు తాకి చూశారు. “అయ్యో, ఇలా తడిసిపోయాడేంటమ్మా మీ అబ్బాయి. పురుగుల పిచ్చి కాదిది, జ్వరం. ఉండండి, మిరియాల కషాయం తెస్తాను” అని పరుగెత్తారు. ఆవిడ వెళ్ళిన ఆ కాస్త వ్యవధిలో నేను అంగుళం లేచి, పురుగును గుప్పిట్లోకి తీసుకున్నాను. వేళ్ళ మధ్య నుంచి బయటికొచ్చిన మీసాలు ఆగకుండా పొడుగ్గా వస్తూనే ఉన్నాయి. ఆడదానికి ఇంత పొడుగుండవు. మగదే. తర్వాత వచ్చిన కషాయాన్ని మహా ఆనందంగా తాగాను. కిరసనాయిలు సంగతి ఆవిడ మర్చిపోయారు. ఆరోగ్యం కుదుటపడేదాకా కుర్చీ జోలికి పోవద్దని నాకే చెప్పారు.

నాలుగు గుర్తులూ మగదానికీ ఉన్నాయి. సారు “ఇగ రాయి” అన్నారు. రాసి తీసుకెళ్ళాను. ఆయన మీసాలు దాటారు, కళ్ళు దాటారు, రెక్కలు దాటారు, చివర్లో ఆగిపోయారు. అక్కడ ‘బర్మా టేకు కుర్చీ నుండి బయటికి వచ్చినది’ అని ఉంది.

“ఇదేంది?”

“మా తాతగారి కుర్చీ సార్.”

“తాత కాలం కుర్చీల పురుగు గిన్నేండ్లు బతుకుతదా? అండ్ల ముదురు టేకు. గీ జాతోళ్ళు దాంట్ల మూతి కూడ పెట్టరు. నీ పురుగన్న అబద్ధం కావాలె, నీ కుర్చీ అన్న. పురుగు నా ముందట ఉన్నది.”

కుర్చీ అడుగు నుంచి చిన్న పేడు గీసి తెమ్మన్నారు. వృక్షశాస్త్రం వాళ్ళ దగ్గరికి నేనే పట్టుకెళ్ళాను. అక్కడున్న పెద్దమనిషి భూతద్దంతో ఒకసారి చూసి, “టేకుకు ఏటేటా వలయాలు కనబడ్తయండి. ఇండ్ల ఏవి? ఇది మామిడి, పైన రంగు ఏసిన్రు” అన్నారు, కూరగాయ పేరు చెప్పినంత తేలిగ్గా.

తిరిగొచ్చి సారును బతిమాలాను. “పాత సామాను అని రాస్తే సరిపోదా సార్?”

“ఏ కర్రనో చెప్పకుంటే తర్వాతోడు ఏడ వెతకాలె? రెండు పురుగులు పట్కొని వంశం అంటున్నవు. నమ్మాలంటే ఇంకోడు పోయి ఆ కర్రల చూడాలె గద. మామిడి అని రాస్తే పంపుత. లేకుంటే పక్క రాష్ట్రమాయన పంపుకుంటడు.”

ఇంటిదాకా అదే లెక్క వేసుకుంటూ నడిచాను. పేరు కావాలంటే కుర్చీ పోవాలి. పైన మా ఇంటిపేరు, అదే కాగితం మీద కింద మామిడి. పెదనాయన చదివితే ఏమంటారు? అంతకన్నా ముందు అమ్మకెలా చెప్పడం? అమ్మ గోంగూర గిల్లుతూ కూర్చుంది. చాలాసేపు అటూ ఇటూ తిరిగి చెప్పాను, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు.

అమ్మ తలెత్తలేదు. “మామిడే. ఇప్పుడు తెలిసిందా నీకు?”

“నీకు తెలుసా?”

“నిన్ను పట్నం బడిల ఏసేటప్పుడు మీ నాయన ఆ టేకుది అమ్మిన్రు. మీ నాయనమ్మ చూస్తె పాణం ఇడుస్తదని, గసొంటిదే ఇంకోటి చేయించి, అదే జాగల పెట్టిన్రు. సింహాలు గూడ సక్కగ రాలె, కుక్కల తీర్గ ఉన్నయి. ఎవరు చూసిన్రు?”

నేను చూశాను. నిజమే, కుక్కలే.

“మరి పెదనాయనకు?”

“బావగారికి తెల్వది.” గోంగూర కాడలు పక్కకు తోసి లేచింది. “మామిడని రాయి. చదువు కోసం పోయిన కుర్చీనే గద, చదువుల్నే రానీ.”

మర్నాడు టేకు కొట్టేసి మామిడి అని రాశాను. వ్యాసం అచ్చయింది. తర్వాత మైసూరు దగ్గరెవరో పాత మామిడి పెట్టెల్లో వెతికితే మా వంశం వాళ్ళు ఇంకొందరు దొరికారు, ప్రజాతి నిలబడింది. కానీ అచ్చయిన కొత్తల్లో నాకు ఆ ధైర్యం ఎక్కడిది. అంబర్‌పేట వెళ్ళి కాగితాలు పెదనాయన చేతిలో పెట్టి, తీర్పు కోసం నిలబడ్డవాడిలా నిలబడ్డాను. ఆయనకు ఇంగ్లీషు బాగానే వచ్చు. పైనున్న ఇంటిపేరును చూపుడువేలితో రెండుమూడుసార్లు తడిమారు. బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. “మీసాలు మంచిగున్నయిరా” అన్నారు. మామిడి అన్న మాట ఆయన బొటనవేలి కింద ఉంది. ఆ వేలు ఎక్కడ జరుగుతుందోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ పొగరుబోతు కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇప్పుడైతే నేనే ఆ వేలు పక్కకు తీసి, ఆ వాక్యం పైకి చదివి, కుక్క తలల కథ కూడా చెప్పి నవ్వించేవాణ్ణి. వినడానికి పెదనాయన లేరు.